తీగ లేని కాలు

ఒట్టు వేసి చెబుతున్నాను, ఇందులో ఒక్క ముక్క కల్పన లేదు. నమ్మకపోతే మీ ఇష్టం. నేనే ఇప్పటికీ సగం నమ్ముతున్నాను, సగం నమ్మడం లేదు.

సికింద్రాబాద్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో జువాలజీ చెబుతాను. కాంట్రాక్టు ఉద్యోగం. మర్నాడు ప్రాక్టికల్ పరీక్ష. సాయంత్రం దుమ్ము దులుపుతుంటే మేక అస్థిపంజరం ముందు కాళ్లలో ఒకటి ఊడి చేతికొచ్చింది. తుప్పుపట్టిన తీగ పుటుక్కున తెగింది. ల్యాబ్ బాగాలేదని ఎగ్జామినర్ రాస్తే వచ్చే ఏడు నన్ను పిలవరు. ప్రిన్సిపాల్ ఆ మాట ముందే చెప్పారు.

మేక ముందు కాలుతో ఒక తిరకాసుంది. దాని భుజం పలక వెన్నెముకకు అతుక్కోదు. మనకున్నట్టు కాలర్ బోన్ కూడా ఉండదు. బతికున్నప్పుడు కండరాలు, సంయోజక కణజాలమే దాన్ని ఒంటికి పట్టి ఉంచుతాయి. ఎండిన ఎముకలకు అవేవీ ఉండవు కదా... తీగ కట్టాల్సిందే.

అటెండర్ యాదన్నను తీగ కోసం మోండా మార్కెట్‌కు పంపాను. కాలు బల్ల మీద పెట్టి, ల్యాబ్‌కు తాళం వేసి, కింద గేటు దగ్గర కూర్చున్నాను. ఉన్నది ఒక్కటే తాళంచెవి. అది నా గుప్పిట్లోనే ఉంది.

అతను వచ్చేసరికి చీకటి పడిపోయింది. మెట్లెక్కుతుంటే ల్యాబ్ లోపల చప్పుడు... టక్. కాసేపు ఏమీ లేదు. మళ్లీ... టక్. గిట్ట చెక్క మీద ఆనినట్టు.

తాళం తీశాను. లైటు వేశాను.

బల్ల ఖాళీ.

కాలు... మేకకే ఉంది. ఉండాల్సిన చోటే.

నన్ను ఆటపట్టిస్తున్నావా అని యాదన్నను అడగబోయాను. కొత్త తీగ చుట్ట ఇంకా అతని చేతిలోనే ఉంది.

"మేడం... గిది దేంతోని నిలబడ్డది?" అన్నాడు మెల్లగా.

భుజం పలకకూ పక్కటెముకలకూ మధ్య సందులో వేలు పెట్టాను. కంటికి ఏమీ కనబడలేదు. వేలికి మాత్రం మెత్తగా, తడిగా ఏదో తగిలింది. వెచ్చగా కూడా ఉందా... చెప్పలేను. భయమేసి చెయ్యి లాక్కున్నాను. తీగ కట్టే ధైర్యం ఇద్దరికీ లేకపోయింది.

మర్నాడు ఎగ్జామినర్ ఆ మేక దగ్గరే ఆగారు. ముందు కాలును ఒంటికి ఏది పట్టి ఉంచుతుందని ఒక అమ్మాయిని అడిగారు. కండరాలు, సంయోజక కణజాలం అని ఆమె చక్కగా చెప్పింది. ఆయన తల ఊపి, వంగి చూసి, నా వైపు తిరిగారు.

"మరి దీనికి ఏం పెట్టిన్రు మేడం?"

ఆయన ఏమనుకున్నారో, పనితనం బాగుందని రాసి వెళ్లారు. నా ఉద్యోగం నిలబడింది. ఆ కాలూ అలాగే నిలబడి ఉంది.

ముందు కాలును ఏది పట్టి ఉంచుతుందని ఏటా క్లాసులో నేనే అడిగేదాన్ని. ఇప్పుడు అడగడం మానేశాను.