తాళాలాయన బానెట్

ఆ వీధిలో తలుపు బిగుసుకుపోతే పిలిచేది ఆయన్నే. తాళంచెవి పోగొట్టుకున్నవాళ్ళకూ, చెవి లోపల మరిచి తలుపు లాగేసుకున్నవాళ్ళకూ, మొగుడి మీద అలిగి గడియ వేసుకుని ఆ తరవాత తీయడం రాక ఏడ్చినవాళ్ళకూ, అందరికీ ఆయన తాళాలాయనే. సొంత పేరొకటి ఉండే ఉంటుంది, దానితో ఎవరికీ పని పడలేదు. మెట్ల కింద ఇరుకు కొట్టు, గోడ నిండా మేకులు, మేకుల నిండా తాళంచెవులు, మధ్యలో ఒక ముక్కాలి పీట. ఆ పీట మీద కూర్చుని ఆకురాయితో ఇనుము అరగదీస్తుంటే పక్కింట్లో పిడుగు పడ్డా తల ఎత్తడు.

ఆయనకొక జబ్బు ఉంది. చప్పుడు చేసే తాళాన్ని చూస్తూ ఊరుకోలేడు. చుట్టాలింటికి భోజనానికి వెళ్ళినా స్నానాలగది గడియ కిర్రుమంటే చాలు, జేబులోంచి నూనె సీసా బయటికొస్తుంది. వడ్డించింది చల్లారిపోతున్నా సరే, అది మెత్తగా పడేదాకా లేవడు. "తాళం అన్నాక వెన్నలో వేలు దిగినట్టు దిగాలి" అనేది ఆయన మాట. పెళ్ళాం తల కొట్టుకునేది.

ఇంత నెమ్మదస్తుడికి ఆదివారం వస్తే పూనకం వచ్చేది. ఊరి చివర విమానాలు దిగడం మానేసిన పాత రన్‌వే మీద డ్రాగ్ పందేలు ఆడతారు. రెండు కార్లు పక్కపక్కన నిలబెడతారు. పచ్చదీపం వెలగ్గానే తిన్నగా దూసుకుపోవడమే. మలుపు లేదు, మర్యాద లేదు, ముందు గీత దాటినవాడిది గెలుపు. చూసేవాడు తుమ్మి ముక్కు తుడుచుకునేలోపల అంతా అయిపోతుంది. దానికోసం పొద్దుటినుంచి ఎండలో వరస కట్టి నిలబడతారు మగమహారాజులు. అదే ఇంట్లో నీళ్ళ బిందె ఎత్తమంటే నడుం నొప్పి.

ఆయన పెళ్ళాం బడిసంచులు కుట్టే కార్ఖానాలో పనిచేసేది. కుట్టాల్సిన సరుకు ఇంటికి తెచ్చుకునేదీ, కుట్టినది తీసుకుపోయేదీ, ఆయన పందేలాడేదీ ఇంట్లో ఉన్న ఆ ఒక్క ఎర్ర కారులోనే. అందుకని మొదట్లోనే తెగేసి చెప్పింది.

"ఎగరండి, దూకండి, మీ ఇష్టం. కానీ బండికి దెబ్బ తగిలిన రోజున ఈ సరదాకి తాళం వేస్తాను. ఆ తాళం మాత్రం మీ అబ్బతరం కాదు తీయడం."

ఆవిడ అన్నదంటే అన్నదే. అందుకే ఆయన కారును కళ్ళల్లో వత్తులు వేసుకుని చూసుకునేవాడు. పందెంలో మాత్రం ప్రతిసారీ రొట్టెల బట్టీ నడిపే ఒకాయన చేతిలో ఓడిపోయేవాడు. బరువు తగ్గితే బండి పరిగెడుతుందని వెనకసీటు పీకాడు, మారుచక్రం దించేశాడు, కాళ్ళ కింద పట్టాలు కూడా తీసి అటక మీద పడేశాడు.

"ఇంత కష్టం ఎందుకు, ఆ పొట్ట ఒక్కటి ఇంట్లో పెట్టి వెళ్ళరాదూ?" అంది ఆవిడ.

ఆ ఆదివారం ఆవిడ మొట్టమొదటిసారి పందెం చూడటానికి వచ్చింది. తమ్ముడు బతిమాలి తీసుకొచ్చాడు. తమ్ముడంటే తాళాలాయనకు బావమరిది, బస్సు కండక్టరు. ప్రతి ఆదివారం బావ కారు వెనక చేరి నెట్టేది అతనే. వరసలో ఉన్నంతసేపూ ఇంజన్ వేడెక్కకూడదని ఆపేసి, బానెట్ ఎత్తి, బండిని చేత్తో నెట్టుకుంటూ ముందుకు జరుపుతారు. తమ వంతు వచ్చింది. బావమరిది రెండు చేతులతో బానెట్ నొక్కి వేశాడు. వేసి, చెవి ఒగ్గి విన్నాడు.

"బావా, ఇది పడిందంటావా? చప్పుడే లేదు."

"నేను చూసుకున్నాన్లేరా. వెన్నలా పడుతుంది అది. నువ్వు పక్కకు జరుగు."

పచ్చదీపం వెలిగింది. ఆ రోజు ఎర్ర కారు నిజంగానే ఊపు మీద ఉంది. రొట్టెల బట్టీ ఆయన తెల్ల కారు పక్కనుంచి వెనక్కి జారడం తాళాలాయన కంటి చివరన కనిపించింది. ఇన్నాళ్ళకు, అనుకున్నాడు. అనుకున్నాడో లేదో, ఎర్రటి గోడ ఒకటి లేచి ఢామ్మని అద్దానికి కొట్టుకుంది. ఎదుట దారి లేదు, ఆకాశం లేదు, అంతా బానెట్టే.

స్టీరింగు మాత్రం కదపలేదు. పక్క కిటికీలోంచి తల బయటపెట్టి, తెల్లగీత చూసుకుంటూ, బ్రేకు మీద కాలు మెల్లగా అదిమాడు. బండి వంకర పోకుండా మూలుగుతూ ఆగింది.

దిగి చూస్తే ప్రాణం ఉసూరుమంది. బానెట్ వెనక్కి విరుచుకుపడి నడుం దగ్గర మడతపడింది. ముందు అద్దం పైమూల బీట వేసింది. కప్పు అంచున అరచేతంత సొట్ట. చెప్పుకోడానికి చిన్న దెబ్బే, వారంలో బాగయ్యేదే. కానీ పెళ్ళాం పెట్టిన షరతులో చిన్నా పెద్దా లేదు. ఆయన కోపంతో టైరును ఒక్క తన్ను తన్నాడు. నొప్పి కాలికే తగిలింది.

అటునుంచి బావమరిది పరిగెత్తుకొచ్చాడు. అతని వెనకే చెప్పులు చేత పట్టుకుని ఆవిడ.

"మూత వెయ్యడం కూడా రాదురా నీకు?" అని విరుచుకుపడ్డాడు తాళాలాయన. "బస్సు తలుపు వేసినట్టు వేసి వదిలేశావు. కొంప ముంచావు కదరా."

బావమరిది నోరు తెరిచాడు. "నేనా? పడలేదేమో అని అడిగానా లేదా? ఏం బావా, అడిగానా లేదా?"

"అడగడం కాదు, గట్టిగా నొక్కాలి."

"నా బరువంతా వేసి నొక్కాను. ఇంకెలా నొక్కాలి, ఎక్కి కూర్చోవాలా?"

ఆవిడ మొగుణ్ణి కిందినుంచి పైదాకా చూసింది, చేతులు చూసింది, మొహం చూసింది. రొట్టెల బట్టీ ఆయన కారు ఆపి వచ్చి నిలబడ్డాడు. "మీ మూత లేవగానే కాలు తీసేశానండి. మీరు నా వైపు వస్తారేమోనని హడలిపోయాను" అన్నాడు.

తాళాలాయనకు ఆ మాటలు సగమే వినిపించాయి. అలవాటు కొద్దీ వేలు బానెట్ తాళం కొక్కెం మీదికి పోయింది. వేలికి అంతా తెలిసింది. కొక్కెం అంచు నున్నగా, పల్చగా ఉంది. ఆయన ఆకురాయి పనే. బానెట్ వేసినప్పుడల్లా కటుక్కుమంటోందని, కిందటివారం కూర్చుని దాన్ని అరగదీశాడు. పట్టు తప్పినా బానెట్ ఎగిరిపోకుండా ఆపే రెండో కొక్కెం ఒకటుంటుంది. అది దారంతా గలగలలాడుతోందని పీకి కొట్టులో మేకుకు తగిలించాడు. బావమరిది వేసిన మూత బాగానే పడింది. ఆ వేగంలో పట్టుకునేందుకే అక్కడ ఏమీ మిగల్లేదు.

ఈ సంగతి ఇంకెవరికీ తెలియదు. నోరు మూసుకుంటే తప్పు బావమరిది మీద పోతుంది. తమ్ముడి తప్పుకు మొగుడి సరదా ఆపదు కదా ఆవిడ. చెబితే మాత్రం ఆదివారాలు అయిపోయినట్టే. ఆయన కాసేపు కొక్కెం మీదనుంచి వేలు తీయలేదు. బావమరిది తల దించుకుని, విరిగిన ప్లాస్టిక్ ముక్కలు ఏరుతున్నాడు. అతనికి తన మీద తనకే అనుమానం వచ్చేసింది పాపం. "ఏమో బావా, సరిగ్గా నొక్కలేదేమోలే" అని గొణిగాడు కూడా.

ఆ మాట తాళాలాయన తట్టుకోలేకపోయాడు.

"లేదురా. నువ్వు బాగానే వేశావు. నేనే దాన్ని అరగదీశాను. చప్పుడు వస్తోందని."

బావమరిది లేచి నిలబడ్డాడు. "చప్పుడు వస్తోందనా?"

"రెండో కొక్కెం కూడా పీకేశాను."

"బావా, ఇంత ఇంజన్ పక్కన పెట్టుకుని నీకు ఆ చప్పుడు ఎలా వినిపించింది?"

రొట్టెల బట్టీ ఆయన నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. అందరూ ఆవిడ వైపు చూశారు. ఆవిడ చెప్పులు కింద పడేసి తొడుక్కుంది.

"ఊళ్ళో అందరి తాళాలూ బాగుచేసే మనిషి," అంది, "సొంత మూత వేసుకోలేకపోయారు. ఆ మూత లేచాక లోపల మీరు కనపడలేదు. తల బయటపెట్టేదాకా నాకు ఊపిరి ఆడలేదు. బండి సంగతి తరవాత."

ఆయన తల వంచుకున్నాడు. "తాళం వేసెయ్. మాట మాటే."

"నేను వెయ్యాల్సింది ఎప్పుడు వెయ్యాలో నాకు తెలుసు. ముందు ఇంటికెళ్ళే దారి చూడండి."

బానెట్‌ను ముగ్గురూ కలిసి కిందికి వంచారు. కట్టడానికి తాడు లేదు. బరువని అన్నీ తీసేసిన కారులో ఏముంటుంది? అప్పుడు ఆవిడ తలుపు తీసి, వంగి, డ్రైవరు సీటు కిందినుంచి ఒక మూట బయటికి లాగింది. బడిసంచుల భుజాలకు కుట్టే మందపాటి పట్టీలు, ఇనప బకిల్సు, గట్టిగా చుట్టిన మూట. కార్ఖానాకు తీసుకుపోవడానికి ఎప్పుడో పెట్టింది.

తాళాలాయన కళ్ళు పెద్దవయ్యాయి. "ఇది ఎన్నాళ్ళనుంచి ఉంది ఇక్కడ?"

"మొదటినుంచీ ఉంది."

"ఇంత బరువు మోసుకుంటూనా నేను పందెం ఆడింది?"

"అదే లేకపోతే ఇప్పుడు బానెట్ నెత్తిన పెట్టుకుని నడిచేవారు" అంది ఆవిడ. పట్టీ కొస పళ్ళతో పట్టి, బానెట్ మీదుగా దాటించి, బకిల్‌లో దూర్చి గుంజింది. ఆ కట్టు చూసి రొట్టెల బట్టీ ఆయన కూడా మెచ్చుకున్నాడు.

ఇంటిదారిలో గతుకు వచ్చినప్పుడల్లా బానెట్ దడదడలాడింది. ఆయన చెయ్యి తనంతట తాను నూనె సీసా ఉన్న జేబు వైపు పోయింది. ఆవిడ చూసింది. చెయ్యి వెనక్కి వచ్చేసింది.

"దాన్ని మెకానిక్ బాగుచేస్తాడు. మీ ఆకురాయి దాని దరిదాపుల్లోకి రాకూడదు" అంది. "మూత నేనే వేస్తాను. నాకు చప్పుడు వినపడాలి. వినపడితేనే బండి కదలాలి."

"అంటే, వచ్చే ఆదివారం..."

"దారి చూసి నడపండి."

ఆయన దారి చూసి నడిపాడు. వెనకసీటు లేని చోట నేల మీద చతికిలబడ్డ బావమరిది ఈల వేయడం మొదలుపెట్టాడు.

తరవాత కొన్ని వారాలకు ఎర్ర కారు మళ్ళీ వరసలో నిలబడింది. పాత సామాన్ల కొట్టులో దొరికిన బానెట్ ఆకుపచ్చది, రంగు వెయ్యడానికి తీరిక దొరకలేదు. చూసినవాళ్ళు చిలక వచ్చిందన్నారు. ఆవిడ కొంగు దోపుకుని ముందుకొచ్చి, బానెట్ ఎత్తి ఒక్క ఊపున వేసింది. కటుక్కుమన్న చప్పుడు ఆ పక్క కారు దాకా వినిపించింది. తాళాలాయనకు ఒళ్ళు జలదరించింది, అయినా పళ్ళు బిగబట్టి ఊరుకున్నాడు.

ఆ రోజూ రొట్టెల బట్టీ ఆయనే గెలిచాడు. పట్టీల మూట సీటు కిందే ఉంది, తీయమని ఈయన అడగలేదు.