ఫుప్పు ఎడమ చేయి

మా నాన్న చెల్లెలు సిరోంచలో పశువుల డాక్టరు. మేము ఫుప్పు అనేవాళ్లం, చుట్టుపక్కల ఊళ్లన్నీ డాక్టరమ్మ అనేవి. ఇప్పుడామె లేదు. ప్రాణహిత మీద వంతెన లేని రోజుల్లో మోటారుసైకిలును పడవకెక్కించి అవతలి గట్టుకు కూడా పోయేది. అది వేరే రాష్ట్రం కదా అంటే, "ఆ ముచ్చట బర్రెకు తెల్సారా?" అనేది. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లకు ఆమె మోటారుసైకిలు నచ్చలేదు, ఆమెకు వాళ్లు నచ్చలేదు. ఇద్దరికీ పీడ విరగడైంది.

పశువు మీద చేయి వేసే ముందు బిస్మిల్లా అనేది. మా ఇళ్లలో అన్నం ముందూ ప్రయాణం ముందూ దేవుణ్ణి తలుచుకుంటూ అనే మాటే అది. రైతులు మాత్రం వైద్యంలో అదీ ఒక భాగమే అనుకున్నారు. ఆమె సెలవులో ఉన్నప్పుడు వేరే డాక్టరు సూది తీస్తే, "సారూ, ముందుగాల బిస్మిల్లా అనుండ్రి" అని పట్టుబట్టేవాళ్లు. నామం పెట్టుకునే ఆ సారు పరేషానయ్యేవాడు. మేము ఇంట్లో ఈ సంగతి చెప్పుకొని పడీ పడీ నవ్వేవాళ్లం.

రిటైరయ్యాక పక్షవాతం వచ్చింది. కుడి చేయి, మాట రెండూ పోయాయి. గోడవైపు తిరిగి పడుకునేది. ముద్ద పెట్టబోతే పెదవులు బిగించేది. పరామర్శకొచ్చి "ఇగ అంతా పైవాడి దయ" అని నిట్టూర్చేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండేది. ఆమెకు బతకాలన్న ఆశే పోయిందని భయపడేవాణ్ణి.

ఒక పొద్దున అంకిస నుంచి ఒక రైతు వచ్చాడు. బర్రె ఈనలేక అవస్థ పడుతోంది, కొత్త డాక్టరు ఊళ్లో లేడు.

"డాక్టరమ్మను జర తోల్కరాండ్రి భయ్యా. ఊకె కూసున్నా చాలు."

"లేవ చాతగాని మనిషిని ఎట్ల తోల్కరావాలె?" అని కసిరాను.

వెనుక మంచం కిర్రుమంది. ఫుప్పు ఒంటి చేత్తో తలకు గుడ్డ కట్టుకోవడానికి తంటాలు పడుతోంది.

జీపులో తీసుకుపోయాను. కొట్టంలో రైతూ నేనూ చెరోపక్క పట్టుకొని, పడుకున్న బర్రె వెనుక ఆమెను కూర్చోబెట్టాం. ఎడమ చేతికి మోచేయి దాటేదాకా నేనే సబ్బు రాశాను. ఆమె చేయి చాచి ఆగిపోయింది. పెదవులు కదిలాయి, గాలి తప్ప ఏమీ రాలేదు. ఆ ముఖం చూడలేకపోయాను.

అప్పుడు, బర్రె తల పట్టుకొని ఉన్న రైతు భార్య, రూపాయి బిళ్లంత బొట్టుతో, "బిస్మిల్లా" అంది. ఎన్ని ఈతలకు విన్న మాటో, కొంచెం కూడా తడబడలేదు. ఫుప్పు చేయి లోపలికి పోయింది.

దూడ కాలు లోపల మడతపడింది. చెమటలు కక్కుతూ చాలాసేపు తడిమి, దాన్ని సరిచేసింది. దూడ బయటపడి చీదింది. ఫుప్పు గోడకు ఒరిగి రొప్పింది. తర్వాత ఇచ్చిన చాయ్ మొత్తం తాగింది.

సిరోంచకు తిరిగొచ్చి మా వీధిలోకి మలపబోతుంటే నా చొక్కా పట్టి లాగింది. బామ్ని దారి వైపు వేలు చూపించింది. బామ్నిలో ఎవరిదో ఆవుకు కాలు వాచిందని పరామర్శకొచ్చినవాళ్లు ఆమె మంచం పక్కన మాట్లాడుకున్నారు. గోడవైపు తిరిగే అంతా విన్నదన్నమాట!

"ఇంటికి పోయి తిని పోదాం ఫుప్పూ" అన్నాను. తల అడ్డంగా ఊపింది. వేలు దించలేదు.

జీపును బామ్ని దారి పట్టించాను. కళ్లల్లో నీళ్లు నిండి, రోడ్డు కనిపించక గుంతలో దించాను. ఎడమ చేత్తో నా నెత్తి మీద ఒక్కటిచ్చింది.