నాన్న నమ్మిన హస్తవాసి

కాశీబుగ్గ డాక్టరుగారిది మంచి హస్తవాసి అని మా ఊరందరి నమ్మకం. సూది వెయ్యని డాక్టరును మావాళ్ళు డాక్టరుగానే లెక్కెయ్యరు. మాత్రలు రాసి పంపిస్తే "ఆడికేటీ తెల్దు" అని తేల్చేస్తారు. ఈయన అడిగినవాళ్ళకి కాదనకుండా వేసేవారు. కొబ్బరిచెట్లెక్కి అరిగిపోయిన మోకాళ్ళకి నాన్న ఆయన దగ్గరే నొప్పి సూదులు వేయించుకునేవాడు. కుంటుతూ వెళ్ళి, చకచకా నడుచుకుంటూ వచ్చేవాడు.

ఇంటింటా కిడ్నీ జబ్బున్న మా ఉద్దానంలో ఎవరికైనా నొప్పి సూది వేసేముందు రక్తం పరీక్ష చేయించి, కిడ్నీలు ఎలా ఉన్నాయో చూడాలి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ అన్న మాట బడిపిల్లలకి కూడా తెలిసిన చోటు మాది. ఆయన చూడలేదు. నాన్న కాళ్ళూ ముఖం ఉబ్బాక టెక్కలి పెద్దాసుపత్రికి తీసుకెళితే, ముందే దెబ్బతిన్న కిడ్నీలను ఆ సూదులు పూర్తిగా పాడుచేశాయని అక్కడి డాక్టరమ్మ చెప్పింది. డయాలసిస్ మొదలైంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన చేత తప్పు ఒప్పించాలని నాన్నను వెంటబెట్టుకుని కాశీబుగ్గ వెళ్ళాను. రిపోర్టులు బల్లమీద పడేసి, మీ సూదులే నాన్న కిడ్నీలు తీశాయన్నాను. దబాయిస్తారనుకున్నాను. ఆయన అన్నీ చదివి కళ్ళజోడు తీశారు.

"తప్పు నాదేనమ్మా. రక్తం చూడకుండా వెయ్యకూడదు. బయట అంతమంది సూది, సూది అంటుంటే వేసేశాను."

అంత పెద్దాయన అలా ఒప్పేసుకున్నాక తిట్టబుద్ధి కాలేదు. అలాగని జాలీ కలగలేదు.

నాన్న నా మీద విరుచుకుపడ్డాడు. "ఏటే ఆ మాటలు? బాబుగోరు తప్పు సేత్తారేటి?" అని, ఆయనకి దండం పెట్టాడు. "మోకాలు లాగేత్తంది బాబూ. ఒక్క సూది ఎయ్యండి."

ఆయన తల అడ్డంగా ఊపారు. "ఇంక నేను వెయ్యలేను. టెక్కలి వెళ్ళడం మాత్రం మానకు."

ఇంటికొచ్చిన మర్నాడు డయాలసిస్‌కి తీసుకెళ్ళే ఆటో వాకిట్లోకి వస్తే నాన్న మంచం దిగలేదు. బతిమాలాను, అరిచాను, చివరికి కాళ్ళు పట్టుకున్నాను. డాక్టర్లు నిజం చెప్పాలని ఊరంతా అంటాం. చెబితే తట్టుకునే మనిషి మా ఇంట్లోనే లేడు.

"ఆ బాబే ఒగ్గేసినాడు. ఇంక ఈలేటి సేత్తారే?" అని నాన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆటో వెళ్ళిపోయింది. నాన్న మళ్ళీ టెక్కలి వెళ్ళలేదు. ఎక్కువకాలం బతకనూ లేదు.