ఆపా చెప్పిన నలభై మూడు మెట్లు

ఇంట్లో కూర్చుని ఆఫీసు పని చేయడం అందరికీ వింతగా ఉన్న ఆ రోజుల్లో నాకు ఇరవై రెండేళ్లు. కొత్త ఉద్యోగం. మనుషులు విసుగ్గా చేసే ఏ పనినైనా కంప్యూటర్‌కు అప్పగించవచ్చని గట్టి నమ్మకం. ఆ నమ్మకం వల్ల ఒక మనిషికి ఏం జరిగిందో గుర్తొస్తే ఇప్పటికీ ముద్ద దిగదు. చిక్కేమిటంటే, గుర్తు చేసుకుంటుంటే మధ్యలో నవ్వు కూడా వస్తుంది.

మా కంపెనీ హైదరాబాద్‌లో చిన్నది. ఆఫీసు ఖాళీ చేసి అందరినీ ఇళ్లకు పంపేస్తే నేను మా ఊరు జహీరాబాద్ వచ్చి పడ్డాను. తీరా చూస్తే మా ఇంటికి రెండు వీధుల అవతలే మా కంపెనీ మనిషి ఇంకొకామె ఉంది. వయసులో నాకన్నా పదిహేనేళ్లు పెద్ద. కంపెనీలో అందరూ ఆమెను ఆపా అనేవారు, అంటే అక్క. మా ఇంట్లో నెట్ నిలవదు కాబట్టి, పొద్దున్నే లాప్‌టాప్ చంకలో పెట్టుకుని వాళ్లింటికి పోయి, ముందు గదిలో ఆపాకు ఎదురుగా కూర్చునేదాన్ని.

కొత్తగా చేరినవాళ్లకు కంపెనీ క్లౌడ్‌లో ఒక వర్చువల్ మెషిన్ ఇచ్చేది. (అంటే ఎక్కడో దూరాన ఉన్న పెద్ద కంప్యూటర్‌లో మనకు కేటాయించిన ఒక భాగం. మా నాన్నకు ఇది ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు. క్లౌడంటే మబ్బే గద, వాన పడితే నీ పని తడ్వదా అని అడిగేవాడు.) అది ఖాళీగా వస్తుంది. కోడ్ రాయడానికి కావలసినవన్నీ అందులో ఒక వరసలో ఎక్కించాలి. ఆ వరసలో నలభై మూడు మెట్లు. ఒక్కటి తప్పినా మళ్లీ మొదటికి రావాలి. అన్నీ ఆపాకు నోటికి వచ్చు. ఒక్కొక్కరితో రెండేసి రోజులు ఫోన్‌లో ఉండి చేయించడమే ఆమె ఉద్యోగం.

“ఎర్ర అక్షరాలు వచ్చినయా బేటా? వస్తయి. పద్దెనిమిదో మెట్టు కాడ అందరికీ వస్తయి. నువ్వు పోయి జర అన్నం తినిరా, నేను లైన్ల ఉంట,” అనేది. లేకపోతే, “సచ్చిపోయిందా? ఏం గాదు, మళ్ల లేపుదాం,” అనేది. పక్కగదిలో మంచం మీదుండే ఆపా అత్తగారు, మేమంతా అమ్మీజాన్ అనే పెద్దావిడ, ఈ మాటలన్నీ వినీ వినీ కోడలు ఏదో దవాఖానలో పని చేస్తోందని తీర్మానించుకుంది. “నిన్నటి పేషెంట్ ఎట్లున్నడు బేటీ?” అని రోజూ నన్ను అడిగేది. కోలుకుంటున్నాడని చెప్పేదాన్ని.

ఆపాకు కోడ్ రాసే టీంలోకి వెళ్లాలని ఉండేది. రెండుసార్లు అడిగింది. మా మేనేజర్ సార్ రెండుసార్లూ ఒకే మాట అన్నాడు: “మీరు పోతే ఈ సెటప్‌లు ఎవరు చేస్తారు?” అది విన్న రోజే నాకు ఆలోచన తట్టింది. సెటప్ దానంతటదే అయిపోతే ఆపాకు విడుదల. అంత సులువు.

ఆమె మెట్టు తర్వాత మెట్టు చెప్పింది, ఆ మెట్లన్నీ కంప్యూటరే వరసగా ఎక్కేలా నేను స్క్రిప్ట్, అంటే దానికిచ్చే ఆదేశాల జాబితా, రాశాను. మూడు వారాలు. ఇరవయ్యో మెట్టు దగ్గర ఒకసారి ఆగి, “ఇది అయిపోతె నాకేం పని ఉంటది చెల్లె?” అని అడిగింది.

“కోడింగ్ టీంలకు తీస్కుంటరు ఆపా. సార్‌తోని నేను మాట్లాడ్త. మీరు ఫికర్ చెయ్యకున్రి.”

ఆపా ఇరవై ఒకటో మెట్టు చెప్పింది.

స్క్రిప్ట్ చేసే మొదటి పని పాత మెషిన్‌ను తీసేసి కొత్తది తయారుచేయడం. మొదటిసారి నడిపినప్పుడు, ఏ మెషిన్ తీసేయాలో చెప్పే చోట పొరపాటున నా మెషిన్ పేరే ఇచ్చాను. స్క్రిప్ట్ ఉన్నది ఆ మెషిన్‌లోనే. మరో కాపీ లేదు. అది చెప్పిన మాట తూచా తప్పకుండా విని, తనతో సహా మూడు వారాల పనిని తుడిచేసింది. నా మొహం చూసి అమ్మీజాన్ మంచం మీంచే, “పోయిండా?” అంది. “పోయిండు అమ్మీజాన్,” అన్నాను. ఆవిడ కళ్లు మూసుకుని దువా చదివింది. ఆపా కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వి, కొంగుతో తుడుచుకుని, “రాయి. మొదటి మెట్టు,” అంది.

రెండోసారి నాలుగు రోజుల్లో రాశాం. ఇద్దరికి రెండు రోజులు పట్టే పని పన్నెండు నిమిషాల్లో అయిపోయింది. మీటింగ్‌లో అందరి ముందూ నడిపి చూపించాను. ఆపా గురించి నాలుగు మాటలు చెప్పాలని కాగితం మీద రాసిపెట్టుకున్నాను కూడా. మేనేజర్ సార్ సంతోషించి, “ఎవరు చేశారమ్మా ఇది?” అన్నాడు.

“నేనే సార్,” అన్నాను.

మిగతా వాక్యం గొంతులో ఉండగానే సార్ ఇంకో విషయానికి వెళ్లిపోయాడు. ఆపా నాకు ఎదురుగానే కూర్చుని ఉంది. చెవులకు హెడ్‌ఫోన్స్, చూపు తన స్క్రీన్ మీద. మీటింగ్ అయ్యాక లేచి వెళ్లి చాయ్ పెట్టుకొచ్చింది. ఆ చాయ్ నేను తాగాను.

పది రోజులకు ఆమెకు ఫోన్ వచ్చింది. సెటప్ దానంతటదే అవుతోంది కాబట్టి ఆ ఉద్యోగం ఇక అవసరం లేదన్నారు. అప్పుడు మాట్లాడాను నేను, సార్‌కు ఫోన్ చేసి, ఏడ్చి మరీ. పైవాళ్ల నిర్ణయం అన్నాడు. ఆ మాటే వచ్చి ఆపాకు చెప్పాను.

“మాట్లాడ్త అన్నవు, మాట్లాడినవు. జర లేట్ అయింది, అంతే,” అంది.

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. ఆపా కంపెనీ లాప్‌టాప్ తిరిగి పంపడానికి అట్టపెట్టెలో సర్దుతుంటే, “బహూను ఎందుకు తీసేసిన్రు?” అని అమ్మీజాన్ కోడలి గురించి నన్నడిగింది.

“పేషెంట్లు తగ్గిన్రు అమ్మీజాన్.”

“తగ్గితె మంచిదే గద,” అంది ఆవిడ.

తర్వాత నేను ఆ ఇంటికి పోవడం మానేశాను. మా ఇంట్లో నెట్ బాగైందని చెప్పాను. (బాగు కాలేదు. మిద్దె ఎక్కి, నీళ్ల ట్యాంకు నీడలో కూర్చుని పని చేసేదాన్ని.) కొన్నాళ్లకు ఆపా చిరాగ్‌పల్లి వైపు ఒక కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకోవడానికి చేరిందని విన్నాను. ఆ రోజే స్క్రిప్ట్ తెరిచి, అన్నిటికన్నా పైన ఒక వరస రాశాను: ‘ఈ మెట్లన్నీ ఆపా చెప్పినవి.’ ముందు హ్యాష్ (#) గుర్తు పెట్టాను. ఆ గుర్తుతో మొదలయ్యే వరసను మెషిన్ పట్టించుకోదు, అది మనుషుల కోసం. మనుషులు ఆ ఫైలు తెరిచే అవసరం లేకుండా చేసింది కూడా నేనే.

ఒకసారి బజార్లో ఆపా ఎదురైతే ఈ సంగతి చెప్పాను. “హ్యాష్ పెట్టి రాసినవా?” అని అడిగి నవ్వింది. “నీకెప్పుడూ భయమే చెల్లె.” ఆ తర్వాత మా నాన్న ఆరోగ్యం గురించి అడిగింది.

మొన్న నేను ఆ కంపెనీ మానేశాను. ఆఖరి రోజు ఆ ఫైలు తెరిస్తే, నా వరస కింద ఎవరో కొత్తవాళ్లు ఇంకో వరస రాసి ఉన్నారు: ‘ఆపా ఎవరు?’ ఎప్పుడు అడిగారో, ఎన్నాళ్లు ఎదురుచూశారో తెలియదు. జవాబు రాయబోతే పేజీ నిండింది. అంతా చెరిపేసి, ఆమె పూర్తి పేరు రాసి, ‘ఈ పని చేసింది ఈమె, నేను టైపు చేశాను’ అని పెట్టాను.

పెట్టాక, ఏమైనా పాడైందేమోనని స్క్రిప్ట్‌ను ఒకసారి మొదటినుంచి నడిపి చూశాను. ఆ వరసను మెషిన్ చదవదని తెలిసీ, పన్నెండు నిమిషాలూ గోళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాను.