ఫోన్‌లో అయ్యగారు

మా చిన్నమ్మకు కడుపులో మాట దాచుకోవడం చేతకాదు. అలా దాచుకోవడమే తప్పనుకునేది. అర్ధవీడు అవతల కొండ కింద ఉన్న వాళ్ళ ఊరి చర్చిలో, ఆదివారం ఆరాధన చివర్లో అయ్యగారు, అంటే పాస్టరు, "ప్రార్థన మనవులు ఉన్నవాళ్ళు చెప్పండి" అంటారు. అప్పుడు ఒక్కొక్కరే లేచి నిలబడి తమ కష్టం చెప్పుకుంటారు. గేదె ఈనలేదని ఒకరు, కోడలు పుట్టింటి నుంచి రానంటోందని ఇంకొకరు, మొగుడు మళ్ళీ తాగుతున్నాడని, ఆ మొగుడు అవతల వరసలో కూర్చుని ఉండగానే మరొకరు. అందరూ తలలు వంచుకుని వింటారు. బయటికి వచ్చాక ఆ మాటెత్తి ఎవరూ ఎగతాళి చేయరు. అదొక కట్టుబాటు. చిన్నప్పుడు నాకు మహా సిగ్గుగా ఉండేది. ఇంటిగుట్టు ఇంతమందిలో ఎందుకని అడిగితే చిన్నమ్మ నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసేది.

"సగం చెప్తే సగం ప్రార్థనే చేస్తారు పాపా. చెప్పేది పూర్తిగా చెప్పాల."

చిన్నాయన పోయిన కొన్నాళ్ళకు ఆమెకు రెండు కిడ్నీలూ చెడిపోయాయి. మా వైపు చాలామందికి చెడిపోతాయి. బోరు నీళ్ళే తినేశాయని ఊళ్ళో అంటారు, డాక్టర్లు తేల్చి చెప్పరు. వారానికి రెండుసార్లు మార్కాపురం వచ్చి డయాలసిస్ చేయించుకుంటేనే మనిషి బతికేది. మానితే చచ్చిపోతుంది. ఇందులో అర్థం కానిదేమీ లేదు, మొదటి రోజే డాక్టరు ఆమెకూ నాకూ ఈ మాట ముఖం మీదే చెప్పాడు.

ఊరి నుంచి కంభం దాకా ఆటో, అక్కడి నుంచి బస్సు. డయాలసిస్ అయ్యాక ఆసుపత్రి నుంచి నేరుగా మా ఇంటికి వచ్చేది. నేను మార్కాపురంలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాను. పొద్దున్నే ఉప్పు తగ్గించి వండి, మూతపెట్టి బడికి పోయేదాన్ని. ఆమె వచ్చి తాళం తీసుకుని, తిని, కాసేపు నడుం వాల్చి బస్సుకు పోయేది. నీళ్ళు కొలత ప్రకారమే తాగాలి. "ట్యాంకరు కాడ కొట్లాడి బిందెలు మోసినాను. ఇప్పుడు ఇంటి నిండా నీళ్ళున్నా తాగే రాత లేదు" అని నవ్వేది. నవ్వే మనిషే.

ఆమె కొడుకు, నాకు తమ్ముడు వరస, హైదరాబాదులో సెంట్రింగ్ పని చేస్తాడు. డయాలసిస్ యంత్రం పక్కన అన్నేసి గంటలు పడుకుని అమ్మకు పొద్దుపోదని టచ్ ఫోన్ కొనిచ్చాడు. ఆమె అందులో ప్రార్థన లైవ్‌లు చూసేది. మంచివి కూడా ఉంటాయి, కాదనను. కానీ ఒక పేజీలో తెల్లబట్టల మనిషి కళ్ళు మూసుకుని ఉన్న ఫోటో పెట్టి, వెనక నుంచి గొంతు మాత్రమే వినిపించేది. "మీ మనవి, మీ ఊరు, మీ ఫోన్ నంబరు కామెంట్లో రాయండి, అయ్యగారు ప్రత్యేకంగా ప్రార్థిస్తారు" అని. చిన్నమ్మకు రాయడం సరిగా రాదు. మైకు గుర్తు నొక్కి చెబితే అక్షరాలు వాటంతటవే పడతాయని పక్క మంచం మీద డయాలసిస్ చేయించుకునే అమ్మాయి నేర్పింది.

ఒకరోజు ఆసుపత్రి నుంచి వచ్చి అన్నం కూడా ముట్టకుండా కూర్చుంది. నేను బడి నుంచి వచ్చేసరికి ఆమె మొహం వెలిగిపోతోంది.

"అయ్యగారు నాకు ఫోన్ చేసినాడు పాపా. ఆ లైవ్‌లో అయ్యగారే! 'తల్లీ, నీ ఎడమ చేతికి గాయం కనపడుతోంది, నీ బిడ్డ ఎత్తు మీద నిలబడి పని చేస్తున్నాడు, నీ భర్త నీ పక్కన లేడు' అన్నాడు. నా మొహం కూడా చూడలేదు ఆయన. దేవుడు చూపించకపోతే ఎట్ల తెలుస్తాది?"

నేను ఫోన్ లాక్కున్నాను. ఆ పేజీలో వెతికితే ఆమె కామెంటు దొరికింది. చర్చిలో నిలబడి చెప్పినట్టే మొత్తం చెప్పింది. మొగుడు ఎప్పుడు పోయిందీ, డయాలసిస్ కోసం ఎడమ చేతికి ఆపరేషన్ చేసి నరం కలిపిందీ, కొడుకు ఎక్కడ ఏ పని చేస్తున్నదీ, ఏయే రోజుల్లో మార్కాపురం పోతున్నదీ, మేకలు ఎన్ని మిగిలిందీ. చివర్లో ఊరి పేరు, నంబరు. గట్టిగా చదివి వినిపించాను.

"ఇది చదివి ఇదే నీకు తిరిగి చెప్పినాడు చిన్నమ్మా! నువ్వు రాయని మాట ఒక్కటన్నా చెప్పినాడా?"

ఆమె ఫోన్ నా చేతిలోంచి తీసుకుని చాలా నెమ్మదిగా అంది.

"నేను రాసింది దేవునికి. అది ఎవురు చదివితే ఏంది? ఇన్నేళ్ళకు నాకు జవాబొచ్చింది కదా."

ఆ మాటకు కోపమే వచ్చింది. నాకు కోపం తొందరగా వస్తుంది, వచ్చాక తొందరగా పోదు. ఒంటికాలి మీద లేచాను. నిజమైన పాస్టరైతే వీడియో కాల్‌లో మొహం చూపిస్తాడన్నాను. కానుక పేరుతో డబ్బు అడిగితే, ఆ డబ్బు చర్చి పేరు మీద కాకుండా ఎవరిదో తెలియని పేరు మీదికి పోతుంటే, దొంగ అని తెలుసుకోమన్నాను. తొందరపెట్టాడంటే దొంగ. ఎవరికీ చెప్పొద్దన్నాడంటే వాడు ఖాయంగా దొంగే. చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. ఆమె తల ఊపింది. నేను గెలిచాననుకున్నాను.

వాడు అప్పటికే ఆమెకు చెప్పి ఉంచాడు, ఇంట్లోవాళ్ళ అవిశ్వాసం స్వస్థతకు అడ్డమని, వాళ్ళకు ఏమీ చెప్పొద్దని. పుట్టి బుద్ధెరిగాక ఒక్క మాట దాచుకోని మనిషికి దాచుకోవడం నేర్పాడు వాడు. ముందు చిన్న కానుక అడిగాడు, కొరియర్లో ప్రార్థించిన నూనె అని ఒక సీసా పంపాడు. తర్వాత పెద్ద కానుకన్నాడు. మేకలు పోయాయి. పోతే పోయాయి, మేకలదేముంది, మళ్ళీ కొనుక్కుంటాం. మేకలు అయిపోయాక వాడికి ఆమె దగ్గర తీసుకోవడానికి మిగిలింది సాక్ష్యం ఒక్కటే, దేవుడు బాగుచేశాడని అందరి ముందూ చెప్పడం. ఇంకా నలుగురు నమ్మాలంటే బాగుపడిన మనిషి ఒకరు కనిపించాలి. అందుకని, "యంత్రం మీద నమ్మకం ఉన్నంతకాలం దేవుడు ఎలా పని చేస్తాడు తల్లీ? ఒక్కసారి మాని చూడు" అన్నాడు.

ఆమె మానింది. ఆ రోజు ఏమీ కాలేదు. అసలు మోసం ఇక్కడే ఉంది. విషం తిన్నట్టు వెంటనే పడిపోరు. ఒకటి రెండు రోజులు మనిషి మామూలుగానే ఉంటుంది.

మా ఇంట్లో మూతపెట్టిన అన్నం అలాగే ఉండటం చూసి ఫోన్ చేస్తే, "కంభంలోనే చేపించుకున్నా పాపా, దగ్గర కదా" అంది. ఆమె నోట అబద్ధం ఎన్నడూ వినలేదు కాబట్టి నమ్మాను. మళ్ళీ వచ్చే వంతు కూడా రాలేదు. ఆ తర్వాత పక్క మంచం అమ్మాయి మా బడి దగ్గరికే వచ్చి, "మీ చిన్నమ్మ వీడియో చూసినావా అక్కా?" అని ఫోన్ చేతిలో పెట్టింది.

చిన్నమ్మ మంచి చీర కట్టుకుని మంచం మీద కూర్చుంది. "నాకు మిషన్ అక్కరలేదు. అయ్యగారి ప్రార్థనతో దేవుడు నన్ను ముట్టినాడు. దేవునికి మహిమ" అంటోంది. కళ్ళ కింద, చెంపల మీద నీరు పట్టి మొహం నున్నగా ఉబ్బిపోయి ఉంది. కింద అందరూ "ఎంత కళగా ఉన్నారు తల్లీ" అని రాశారు.

బడికి సెలవు కూడా చెప్పకుండా బస్సెక్కాను. నేను పోయేసరికి ఊరి అయ్యగారు ఇంటి ముందు ఆటో ఆపించి ఆమెను బతిమాలుతున్నారు. ఆయన ముసలాయన, ఆ ఊళ్ళో అందరి మనవులూ తెలిసినవాడు.

"నేను ప్రార్థన చేస్తానమ్మా, నువ్వు ఆటో ఎక్కు. నేనూ నీ ఎంబడి వస్తా. ఆసుపత్రి కూడా దేవుడిచ్చిందే కదా."

"మీరు మిషన్ను నమ్మినారు, అందుకే నాకు ఇన్నాళ్ళూ బాగు కాలేదు" అంది చిన్నమ్మ. అయ్యగారు మొహం పక్కకు తిప్పుకున్నారు.

అంతలో ఆమె ఫోన్ మోగింది. వాడే. నేను లాక్కుని స్పీకర్ పెట్టి నోటికొచ్చినట్టు తిట్టాను. మొహం చూపించరా అన్నాను. నీకు అమ్మ లేదా అన్నాను. అవతల గొంతు ఏమాత్రం తొణకలేదు. మెత్తగా, "తల్లీ, నేను చెప్పలేదా, సాతాను నీ సొంత మనుషుల రూపంలో వస్తాడని?" అని పెట్టేసింది. చిన్నమ్మ నా వైపు చూసింది. నన్ను చంకనేసుకుని తిప్పిన మనిషి నన్ను చూసి భయపడి గోడ వైపుకు జరిగింది. నా జీవితంలో నన్ను అంతగా కొట్టిన దెబ్బ ఇంకోటి లేదు.

తమ్ముడికి ఫోన్ చేసి నేను అక్కడే ఉండిపోయాను. తమ్ముడు హైదరాబాదు నుంచి వచ్చి చిన్నపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఆటోలో కూర్చోబెట్టే నాటికి ఆమెకు పడుకుంటే ఊపిరి ఆడటం లేదు. వద్దనే ఓపిక కూడా లేదు. దారి పొడుగునా తల నా భుజం మీద పెట్టుకుని ఉంది. కంభం దాటాక మెల్లగా అడిగింది.

"అయ్యగారు ఫోన్ చేస్తే ఎత్తు పాపా. నేను ఇష్టంగా పోలేదని చెప్పు."

ఆసుపత్రిలో వాళ్ళు చేయగలిగినదంతా చేశారు. యంత్రం పెడుతుండగానే గుండె ఆగిపోయింది.

సమాధి దగ్గర ప్రార్థన ఊరి అయ్యగారే చేశారు. తర్వాతి ఆదివారం నేను ఆ చర్చిలోనే ఉన్నాను. ఆరాధన చివర్లో ఆయన ఎప్పటిలాగే మనవులు ఉన్నవాళ్ళు చెప్పమన్నారు. ఎవరూ లేవలేదు. ఆడవాళ్ళు కొంగులు సర్దుకుంటూ కిందికి చూస్తున్నారు. ఆయన ఇంకోసారి అడిగారు. ఒకాయన ఫోన్ జేబులోంచి తీసి ఆఫ్ చేసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు, అంతే. అయ్యగారు ఎవరి పేరూ ఎత్తకుండానే ప్రార్థన ముగించారు.

నేను పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాను. వాళ్ళు రాసుకున్నారు. కొన్నాళ్ళకు ఆ పేజీ పోయింది. పోయిందని ఊపిరి పీల్చుకునేలోపే ఇంకో పేరుతో, అదే తెల్లబట్టల ఫోటోతో మళ్ళీ వచ్చింది. అందులో మొట్టమొదటి వీడియో మా చిన్నమ్మదే. చనిపోయిన మనిషి అదే చీరలో కూర్చుని తనకు బాగైందని చెబుతూనే ఉంది. కింద "ఈమె చనిపోయింది, నేను ఈమె అక్క కూతుర్ని" అని రాశాను. నిమిషాల్లో ఆ మాట తీసేసి నన్ను బ్లాక్ చేశారు. తమ్ముడి ఫోన్ నుంచి రాశాను, దాన్నీ తీసేశారు.

మనవులు మాత్రం తీయలేదు. ఊర్లు, రోగాలు, ఫోన్ నంబర్లు, అన్నీ ఎవరికి కావాలంటే వాళ్ళకు కనిపించేలా ఉన్నాయి. వాడికి దొరికిన నంబర్లు నాకు మాత్రం ఎందుకు దొరకవు? బడి అయ్యాక రోజూ కూర్చుని ఆ నంబర్లకు ఫోన్ చేయడం మొదలుపెట్టాను. చాలామంది నా మాట పూర్తికాకుండానే పెట్టేస్తారు. కొందరు తిడతారు. నేనే డబ్బు కోసం చేస్తున్నాననుకున్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళను ఏమనాలి, నా గొంతు వాడి గొంతంత తియ్యగా ఉండదు.

మొన్న వెలిగండ్ల వైపు ఊరు రాసిన ఒకామెకు చేశాను. ఆమెకూ కిడ్నీలే. ఎత్తగానే చెప్పాను, ఆ వీడియోలో ఉన్నామె మా చిన్నమ్మ అని, ఆమె బతికి లేదని.

"నీకేం పుట్టింది తల్లీ, అంత మాటంటావు? ఆమె ఎంత బాగుండాదో నేను కళ్ళారా చూసినాను. నీ అట్లాటోళ్ళు ఫోన్ చేస్తారని అయ్యగారు ముందే చెప్పినాడు."

"ఆమె నా కళ్ళ ముందే పోయింది. నేను అబద్ధం చెప్పి నాకేం వస్తుందమ్మా?"

ఫోన్ పెట్టేస్తుందనుకున్నాను. పెట్టలేదు. అటు ఎక్కడో మేక అరిచింది. ఊపిరి అందీ అందనట్టు తీసుకోవడం నాకు స్పష్టంగా వినిపిస్తోంది. ఆ ఊపిరి నాకు తెలుసు, కంభం దాటాక నా భుజం మీద విన్నాను. ఆమె గొంతు బాగా తగ్గించి, పక్కన ఎవరూ వినకూడదన్నట్టు అడిగింది.

"మిషన్ మానేసినాక ఆమె ఎన్ని దినాలు బతికింది పాపా?"