ఊరు కట్టిన రోజు

వనజ ఇంటర్ పాసయింది. చండ్రుగొండ దాటి అడవిలోకి వెళ్ళే మట్టిబాట చివర ఉన్న ఆ కోయ గూడెంలో అంతవరకు చదివిన ఆడపిల్ల మరొకరు లేరు.

బుధవారం సాయంత్రం గుట్ట ఎక్కి, సిగ్నల్ దొరికే బండ మీద కూర్చుని ఫోన్ చూసుకుంది. ఖమ్మంలో బీఎస్సీ సీటు వచ్చింది, హాస్టల్‌తో. స్వయంగా వెళ్ళి అసలు సర్టిఫికెట్లు చూపించి చేరాలి. శుక్రవారం ఆఖరు. దాటితే సీటు పోతుంది. తరువాతి విడతలో ఎక్కడ వస్తుందో, హాస్టల్ ఉంటుందో లేదో తెలియదు. హాస్టల్ లేకపోతే చదువు లేదు. ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు.

గుట్ట దిగేసరికి ఊళ్ళో డోలు మోగుతోంది. ముత్యాలమ్మ కొలుపు శుక్రవారం అని పెద్దలు తేల్చారు.

కొలుపు కాకుండా ఆ ఊళ్ళో విత్తనం వేయరు. ఆ రోజు తెల్లవారకముందే పూజారి ఊరు కడతాడు. బాటకు అడ్డంగా వేపమండల తోరణం కట్టి, కింద పసుపు బియ్యం గీతగా పోస్తాడు. అమ్మవారికి బువ్వ పెట్టి, పొద్దుగూకాక తోరణం విప్పేదాకా లోపలివాళ్ళు లోపలే, బయటివాళ్ళు బయటే. గింజ గానీ, నిప్పు గానీ, మరే వస్తువు గానీ పొలిమేర దాటకూడదు. నిరుడు కట్టు మధ్యలో ఒకతను సంతకు పోయాడు. వానలు పడ్డాక ఊళ్ళో జ్వరాలు వచ్చాయి. ఇద్దరు పిల్లలు పోయారు. దోమల వల్ల అని దవాఖానాలో చెప్పారు. వనజ కూడా అదే చెప్పింది. ఎవరూ కాదనలేదు. నమ్మనూ లేదు.

పూజారి వనజ తండ్రి సీతయ్య.

"ముందు రోజే పిల్లను బయటికి తోలుదం," అన్నాడు ఆయన. "కట్టేనాటికి బయటున్నోళ్లకు తప్పేం లేదు."

గురువారం సాయంత్రం వాన వచ్చింది. సంచి సర్దుతుంటే చూరు కారి ఫైలు తడిసింది. తల్లి జంపక్క గబగబా అందులోని అసలు కాగితాలు తీసి, పొయ్యి మీద వేలాడే వెదురు తట్టలో పెట్టింది. విత్తనాలను పొగకు ఆరబెట్టే తట్ట అది. చెద పట్టకూడనిది ఏదైనా ఆ ఇంట్లో అక్కడికే చేరుతుంది. వాన వెలిసింది. చీకటి పడేలోగా పిల్ల పొలిమేర దాటాలి. తల్లి ఫైలు సంచిలో వేసి పంపింది. ఫైలు బరువుగానే ఉంది. లోపల జిరాక్సులు ఉన్నాయి.

ఆ రాత్రి వనజ చండ్రుగొండలో బ్లెస్సీ ఇంట్లో పడుకుంది. ఇద్దరూ గురుకులంలో ఒకే బెంచీ. పొద్దున బ్లెస్సీయే కాగితాలు వరసగా పెడదామని ఫైలు తెరిచింది.

"ఏందే ఇవన్నీ జిరాక్సులే? అసలువేవీ?"

వనజ ఫైలు గుంజుకుని తిరగేసింది. మళ్ళీ తిరగేసింది. టెన్త్ మెమో లేదు. టీసీ లేదు. కులం సర్టిఫికెట్ లేదు.

"దువ్వెన్లు మాత్రం రెండు తెచ్చుకున్నవ్," అంది బ్లెస్సీ. వనజ ముఖం చూసి నోరు మూసుకుంది.

బ్లెస్సీ తండ్రి షాలేమ్‌రాజుది ఆటో. ఆయన టీ గ్లాసు కింద పెట్టి లేచాడు.

"ఎక్కు బిడ్డా. పోయి తెచ్చుకుందం."

"ఊరు కట్టిండ్రు మామా. లోపలికి పోనియ్యరు, పోయినా మళ్ళ రానియ్యరు."

"గట్లయితే బయటనే నిలబడి అడుగు. మా పాస్టరు ఆదివారం ఆటో తియ్యొద్దంటడు. నేనడిగితే గంట సేపు ఒప్పుకుంటడు. మీ నాయినను నువ్వడగలేవా?"

వనజ ఆటో ఎక్కింది. బాట పొడుగునా గతుకులకు ఊగుతూ, నాయనతో ఏమనాలో మనసులో పేర్చుకుంది. పేర్చిన ప్రతి మాట వెనకా నిరుడు పోయిన ఇద్దరు పిల్లలు వచ్చి నిలబడ్డారు. ఒకడికి ఆమే అక్షరాలు దిద్దించింది.

తోరణం దగ్గర ఊరిపెద్ద సమ్మయ్య కర్ర పట్టుకుని కూర్చున్నాడు.

"ఏందే కలెక్టరమ్మా, నిన్ననే పోతివి గదా? ఖమ్మం గింత జల్దీ చూసొచ్చినవా?"

"కాయితాలు మరిసిన తాతా. ఇంట్లున్నయి. జర అమ్మను పిలువు."

సమ్మయ్య ముఖంలో వెటకారం పోయింది. "అమ్మను పిలుస్త. కాయితాలు రావు. నీకెరుకే గదా."

"కాయితాలే గద తాతా. గింజలు కావు."

"పోయేదేదైనా పోయేదే."

కబురు విని జంపక్క వచ్చింది. అమ్మవారి బువ్వకు కొత్త కుండ కడుగుతున్న చేతులు తడిగా ఉన్నాయి. కూతురు చెప్పింది విని చేతులు కొంగుకు తుడుచుకుంది. తరువాత వెనక్కి తిరిగి ఇంటికి నడిచింది. వనజ గీత ఇవతల నిలబడి ఎదురుచూసింది. లోపల డోలు ఆగింది. షాలేమ్‌రాజు ఆటో ఇంజను ఆపకుండా ఉంచాడు.

జంపక్క మళ్ళీ వచ్చేసరికి ఆమె వెనక సీతయ్య ఉన్నాడు. జంపక్క చీర మార్చుకుంది. చంకలో గుడ్డలో చుట్టిన కాగితాలు.

"నాయినా," అంది వనజ. పేర్చుకున్న మాటలు ఒక్కటీ రాలేదు.

సీతయ్య కూతురిని చూడలేదు. తోరణాన్ని చూశాడు. "కట్టింది నేను. నేనే ఎట్ల ఇప్పుదునే?"

"నువ్వు ఇప్పకు," అంది జంపక్క. "నేను పోత."

"నువ్వు పూజారి పెండ్లానివి," అన్నాడు సమ్మయ్య. "బువ్వ ఎవరొండాలె?"

"మా ఆడబిడ్డ ముత్యాలు వండుతది. చెప్పొచ్చిన."

"రేపు ఎవరింట్లనన్న పిల్లకు ఒళ్ళు కాలితే?"

జంపక్క కాగితాల మూటను చంకలో బిగించింది. భర్త వైపు చూసింది. ఆయన పొమ్మనలేదు, వద్దనలేదు. ఆమె వంగి తోరణం కింద నుంచి ఇవతలికి వచ్చింది. కాలు ఎత్తి వేసినా పసుపు బియ్యం కొంచెం చెదిరింది. వెనక్కి చూసింది. సీతయ్య కూర్చుని ఆ గింజలను వేలితో మళ్ళీ వరసలోకి జరుపుతున్నాడు.

ఆటో చండ్రుగొండలో దింపింది. ఖమ్మం బస్సులో జంపక్క కిటికీ పక్కన కూర్చుని కాగితాల మీద నుంచి చెయ్యి తీయలేదు.

కాలేజీలో వరండా చివరి దాకా వరస. జనం కదలరు, గోడ గడియారం కదులుతుంది. వనజ వంతు వచ్చేసరికి లోపల కుర్చీలు సర్దుతున్నారు. గుమాస్తా కాగితాలు అందుకుని వాసన చూశాడు.

"ఏందమ్మా, కట్టెల పొయ్యి మీద వండినవా వీటిని?"

వెనక ఎవరో నవ్వారు. వనజ భయం వనజది. పొగచూరిన కాగితం చెల్లదంటాడా? ఆయన ఒక్కొక్కటి వెలుతురుకు ఎత్తి చూశాడు. ముద్రలు చూశాడు. చివరకు తల్లిదండ్రులు సంతకం పెట్టే కాగితం జంపక్క వైపు తోశాడు. ఆమె వేలిముద్ర వేసింది.

"చేరినట్టే. సోమవారం నుంచి క్లాసులు. హాస్టల్లో ఈ రాత్రి నుంచే ఉండొచ్చు."

వనజ బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుంది. జంపక్క కూర్చోలేదు.

"నేను పోత బిడ్డా. కట్టు ఇప్పేయాళ్ళకు పొలిమేర కాడ ఉండాలె."

"వాళ్ళు నిన్నేమన్న అంటే?"

"అననీ. పడుకునే కాడ దోమలున్నయేమో చూసుకో."

కాలేజీ మొదలైంది. ల్యాబులో వనజ మొదటిసారి సూక్ష్మదర్శినిలో రక్తపు చుక్క చూసింది. లెక్చరర్ మలేరియా గురించి చెబుతుంటే అందరూ రాసుకున్నారు. ఆమె కూడా రాసుకుంది. అంతా తెలిసినదే. అయినా ఆదివారం మధ్యాహ్నం నుంచే ఫోన్ చేతిలో పట్టుకుని తిరిగేది. సాయంత్రం జంపక్క గుట్ట ఎక్కి ఫోన్ చేసేది. ఫోన్ ఎత్తగానే వనజ ఒకటే అడిగేది.

"ఎవరికన్న జరమొచ్చిందా?"

"ఎవరికి లేదు. నువ్వు సదువుకో."

శ్రావణం నడుమ ఒక ఆదివారం ఫోన్ రాలేదు. వనజ అన్నానికి వెళ్ళకుండా మంచం మీదే కూర్చుంది. మరునాడు క్లాసు మధ్యలో మోగింది. బయటికి పరుగెత్తింది.

"సమ్మయ్య మనుమనికి జరం," అంది జంపక్క. "కొత్తగూడెం దవాఖానాల ఏసిండ్రు."

"రక్తం చూసిండ్రా? ఏమన్నరు?"

"మలేరియా అన్నరంట. గోలీలిచ్చిండ్రు. కొంచెం తగ్గిందంట."

"అమ్మా, అది దోమతోటి వస్తది. నీతోటి కాదు. ఇంటున్నవా?"

అవతల గాలి మోత.

"నిన్ను ఎవరన్న ఏమన్న అన్నరా అమ్మా?"

"ఎవ్వలేమనలే," అంది జంపక్క. "నేనే ఆల్లింటి దిక్కు పోతలేను."