విస్తరి పుల్ల

మా మేనత్త పెదవుల మధ్య ఎప్పుడూ ఒక సన్నని వెదురు పుల్ల ఉండేది. అచ్చంపేటలో మా ఇంటి అరుగు మీద కూర్చుని మోదుగాకులతో విస్తళ్లు కుట్టేది. ఎండనీ, చిరిగిన ఆకునీ, దారిన పోయే మేకనీ ఆ పుల్ల తీయకుండానే తిట్టేది. ఆమెకు కోపం రాని రోజు నాకు గుర్తులేదు.

ఒకసారి ఫోన్లో చూసి టకీటోలనే మెక్సికో వంటకం చేయబోయాను. మక్కరొట్టెలో ఆలుగడ్డ కూర పెట్టి, చుట్టి, నూనెలో వేయగానే రొట్టె విప్పుకుంది. కూరంతా మూకుడు పాలైంది.

"నీ తెలివి తెల్లారినట్టే ఉన్నది! ఆకైనా రొట్టెయినా పుల్ల గుచ్చితేనే నిలుస్తది," అంటూ అత్త వచ్చి ఒక్కోదానికీ విస్తరి పుల్ల గుచ్చింది. కరకరలాడేలా వేగాక పుల్లలన్నీ తనే లాగేసింది.

సాయంత్రం నాతో పనిచేసే టీచర్లు వచ్చారు. "మేడం, గివి విప్పుకోకుంట ఎట్ల చేసిన్రు?" అని ఒకావిడ అడిగింది. అత్త గుమ్మంలోనే ఉంది.

"ఫోన్ల చూసిన," అన్నాను.

ఆకులు కుట్టే పుల్లలని చెప్పడం నామోషీ అనిపించింది. అది తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది. గుమ్మంలో అత్త నోట్లో పుల్ల పటుక్కున విరిగింది.

మరుసటి ఆదివారం, అడగడానికి మొహం చెల్లక, పుల్లల్లేకుండానే మళ్లీ చేశాను. మళ్లీ విప్పుకున్నాయి.

"అత్తా, జర రెండు పుల్లలియ్యవా?" అని వంటింట్లోంచి అరిచాను.

చేతిలో ఆకు దించకుండానే అరుగు మీంచి జవాబిచ్చింది.

"పో, ఫోన్నే అడుగు."